గుర్రం వాటాకా? కౌలుకా?

సొంతంగా కొనలేని వాళ్లకు బ్రిటన్‌లో రెండు దారులున్నాయి. ఒకటి ‘షేర్’, రెండోది ‘లోన్’. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. గుర్రం కుంటిన రోజున మాత్రం తేడా తెలిసొస్తుంది.

“నాన్నా, నాకో గుర్రం కావాలి.”

హైదరాబాద్‌లో పదమూడేళ్ల పిల్ల ఈ మాటంటే ఇంటిల్లిపాదీ నవ్వేసి ఊరుకుంటారు. మనకు గుర్రమంటే మలక్‌పేట రేసులు, పెళ్లి బరాత్, అంతే. అదే రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో ఉన్న తెలుగింట్లో ఈ మాట వినపడితే అంత తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. క్లాసులో పక్కన కూర్చునే పిల్లకు ‘పోనీ’ (పొట్టి గుర్రం) ఉంటుంది. ఊరు దాటితే రోడ్డుకు రెండు పక్కలా పచ్చిక బయళ్లలో గుర్రాలు మేస్తుంటాయి. శనివారం శనివారం రైడింగ్ స్కూలుకు తీసుకెళ్లి గంటకింతని కట్టి స్వారీ నేర్పించిందీ మనమే. ఇప్పుడా పిల్లకు గంట చాలడం లేదు. వారానికో గుర్రం ఎక్కించి పంపేస్తున్నారు, తన గొంతు వినగానే తలెత్తి చూసే గుర్రం ఒకటి కావాలంటోంది.

కొనడమా, మాటలు కాదు. గుర్రం ధర ఒక్కసారి కట్టేది. దాని ఖర్చు మాత్రం అది బతికినన్నాళ్లూ కడుతూనే ఉండాలి. గుర్రం పాతికేళ్లు, ఒక్కోసారి ముప్ఫయ్యేళ్లు బతుకుతుంది. పిల్లకు పద్దెనిమిదేళ్లు రాగానే యూనివర్సిటీకి వెళ్లిపోతుంది, గుర్రం ఇక్కడే ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో గుర్రం మోజున్న మధ్యతరగతి వాళ్లు చాలామంది కొనుగోలు దాకా పోరు. దాణా కొట్టు గోడ మీద, జీన్లమ్మే దుకాణం బోర్డు మీద కాగితాలు వెతుకుతారు. ‘పదిహేను హ్యాండ్ల ఎత్తు, పన్నెండేళ్ల గుర్రం, వారానికి రెండు రోజులు షేర్‌కు’ అని ఒకటుంటుంది. దాని పక్కనే ‘మంచి ఇంటికి ఫుల్ లోన్’ అని ఇంకొకటి.

ఈ రెండు కాగితాల్లో దేనికి ఫోన్ చెయ్యాలి?

లెక్క ఎక్కడ మారుతుంది

పొలం పాలుకు చెయ్యడానికీ కౌలుకు తీసుకోడానికీ తేడా తెలిసిన వాళ్లకు సగం సంగతి ఇప్పటికే అర్థమై ఉంటుంది. షేర్ అంటే గుర్రం యజమానిదే, ఉండేదీ యజమాని లాయంలోనే. మనం వారంలో రెండు మూడు రోజులు వెళ్లి స్వారీ చేస్తాం. ఆ రోజుల్లో లద్దె ఎత్తడం, గడ్డి కట్టడం, నీళ్లు పెట్టడం మన పని. వారానికో నెలకో ఇంతని ఖర్చుల్లో వాటా ఇస్తాం. కొందరు యజమానులు డబ్బు కూడా అడగరు, పనికి పని సరిపోయిందంటారు.

లోన్ అంటే గుర్రం మన చేతికొస్తుంది. కాగితం మీద పేరు యజమానిది, కష్టం నష్టం మనవి. లాయం అద్దె, గడ్డి, దాణా, ఆరేడు వారాలకోసారి నాడాలు, టీకాలు, పళ్లు అరగదీయించడం, ఇన్సూరెన్సు, పశువైద్యుడు అన్నీ మనమే చూసుకోవాలి. గుర్రానికని యజమానికి కౌలు కట్టడం సాధారణంగా ఉండదు. మన పొలం కౌలుకూ దీనికీ పోలిక తెగేది అక్కడే. ‘ఊరికే ఇస్తున్నారట’ అని జనం మోసపోయేదీ అక్కడే. ఊరికే వచ్చేది గుర్రం ఒక్కటే.

ఈ రెంటికీ మధ్య ‘పార్ట్ లోన్’ అని ఒకటుంది. ఒకరు దాన్ని పెద్ద షేర్ అంటారు, ఇంకొకరు చిన్న లోన్ అంటారు. పేరు ఏదైనా సరే, బాధ్యతలు ఎవరెవరివో విడివిడిగా రాసుకోకపోతే గొడవలు ఎక్కువయ్యేది దీంట్లోనే.

చాలామంది రోజుల లెక్కతోనో డబ్బు లెక్కతోనో తేల్చుకోవాలని చూస్తారు. వారానికి రెండు రోజులు చాలితే షేర్, రోజూ కావాలంటే లోన్ అంటారు. ఆ లెక్క తప్పు కాదు గానీ సరిపోదు. గుర్రం బాగున్నప్పుడు ఏ ఏర్పాటైనా బాగానే నడుస్తుంది. అది బాగాలేని రోజున నిర్ణయం ఎవరిది, బిల్లు ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

డిసెంబరు పొద్దున

ముందు పని సంగతి చూద్దాం. జూలైలో ఇంగ్లండ్ చూసి లోన్ కాగితం మీద సంతకం పెట్టకూడదు. జూలైలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, గుర్రం రోజంతా పచ్చికలో ఉంటుంది, పిల్ల బడి నుంచి వచ్చి హాయిగా స్వారీ చేస్తుంది. డిసెంబరులో లండన్ చుట్టుపక్కల ఎనిమిదింటికి గానీ తెల్లారదు, నాలుగు కాకుండానే పొద్దుగుంకుతుంది. బడికీ ఆఫీసుకూ ముందొకసారి, తర్వాతొకసారి లాయానికి వెళ్లాలి. రెండుసార్లూ చీకటే.

అయిదు వందల కిలోల గుర్రం రోజుకు దాదాపు పది కిలోల ఎండుగడ్డి తింటుంది, పదిహేను కిలోలకు పైగా లద్దె వేస్తుంది. నుదుటికి టార్చిలైటు కట్టుకుని, రబ్బరు బూట్లలో చీలమండల దాకా బురదలో నిలబడి, పారతో రంపపు పొట్టులోంచి తడిసిన భాగం ఏరి తోపుడుబండిలో ఎత్తి పెంటకుప్ప దాకా తోసుకెళ్లాలి. నీళ్లతొట్టి మీద మంచు కడితే పగలగొట్టాలి. గుర్రం మీది దుప్పటి తడిస్తే పొడిది మార్చాలి. ఆ తడి దుప్పటి బరువు మోసిన వాళ్లకే తెలుస్తుంది. ఇంతా చేశాక ఆ రోజు స్వారీ ఉండదు, నేల గడ్డకట్టి ఉంటుంది.

ఇవన్నీ, డబ్బు తీసుకుని గుర్రాలను ఉంచుకునే ‘లివరీ యార్డ్’ వాళ్లకు అప్పగించొచ్చు. పూర్తి సేవ, సగం సేవ, అన్నీ మీరే చేసుకునే ‘డీఐవై’ అని రకాలున్నాయి. పని తగ్గేకొద్దీ బిల్లు పెరుగుతుంది. లోన్‌కు తీసుకుని డీఐవైలో పెట్టామంటే, ఏడాదిలో సెలవన్నదే లేని ఉద్యోగంలో చేరినట్టే.

క్రిస్మస్ సెలవుల సంగతి మన వాళ్లు ముఖ్యంగా ఆలోచించాలి. రెండేళ్లకో మూడేళ్లకో డిసెంబరులో బయల్దేరి సంక్రాంతి కూడా చూసుకుని వచ్చే కుటుంబాలు మనవి. షేర్ అయితే “ఈ నాలుగు వారాలూ రాలేం” అని ముందే చెప్పుకుంటే సరిపోతుంది, యజమాని చూసుకుంటారు. లోన్ అయితే ఆ నెలంతా డబ్బిచ్చి ఎవరినో పెట్టాలి, విజయవాడలో ఉన్నా ఫోన్ చేతిలో పట్టుకునే ఉండాలి. ఇంటికి తాళం వేసినట్టు లాయానికి తాళం వేసి రాలేం.

కుంటిన వారం

ఒక మంగళవారం గుర్రం ముందుకాలు మోపడం లేదు. గిట్టలో చీము పట్టి ఉండొచ్చు, నరం పట్టి ఉండొచ్చు. ఆరు వారాలు విశ్రాంతి అన్నారు డాక్టరు.

షేర్‌లో ఉన్నామనుకోండి. ఈ ఆరు వారాలూ స్వారీ లేదు. మరి వారం వారం ఇచ్చే వాటా ఇవ్వాలా? “నేను డబ్బిచ్చేది స్వారీకి కదా” అంటుంది షేర్ తీసుకున్నావిడ. “గడ్డి తినడం ఆపలేదు కదమ్మా” అంటారు యజమాని. ఇద్దరిదీ న్యాయమే. ముందే రాసుకుని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. రాసుకోలేదు కాబట్టి రెండు వారాల్లో మాటలు మానేస్తారు. అసలు దెబ్బ ఎవరి రోజున తగిలిందనే ప్రశ్న కూడా వస్తుంది. సోమవారం స్వారీ చేసింది మీ అమ్మాయే అయితే ఇంకా ఇబ్బంది.

లోన్‌లో ఈ గొడవలేవీ ఉండవు, మొత్తం మన నెత్తినే. పైగా కుంటే గుర్రాన్ని యజమానికి తిరిగి పంపేయొచ్చా? ఒప్పందంలో నోటీసు గడువు నాలుగు వారాలని ఉంటే ఆ నాలుగు వారాలూ వైద్యం మనదే. గుర్రాన్ని ఎలా తీసుకున్నామో అలా తిరిగివ్వాలన్న మాట ఉంటే ఇంకా చిక్కు. అందుకే లోన్‌కు తీసుకునేటప్పుడు కూడా, కొనేవాళ్లలాగే, మన తరఫు పశువైద్యుడితో ముందే పరీక్ష చేయించుకోవడం మేలు. ఆ రోజుకే ఏయే లోపాలున్నాయో కాగితం మీద ఉంటే తర్వాత అవి మన ఖాతాలో పడవు.

ఇంకా కష్టమైన రాత్రి ఒకటుంటుంది. గుర్రం కడుపునొప్పిని అక్కడ ‘కోలిక్’ అంటారు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. లోపల పేగు నిండినా మెలిపడినా బయటికి పోయే దారి లేదు. ముందు దాణా ముట్టదు. తర్వాత తల తిప్పి తన డొక్క వైపు తనే చూసుకుంటుంది, ముందుకాలితో నేల గీకుతుంది, చెమటలు పట్టి పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ దొర్లుతుంది. చాలాసార్లు ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది. కొన్నిసార్లు తగ్గదు. అప్పుడు డాక్టరు అడిగేది ఒక్కటే ప్రశ్న. ఆపరేషన్‌కు పంపాలా, ప్రాణం బాధ లేకుండా తీసెయ్యాలా? ఆపరేషనంటే వేల పౌండ్లు. ఆలోచించుకోడానికి ఉన్న సమయం గంటల్లోనే.

రాత్రి రెండింటికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఎవరు? షేర్‌లో అయితే యజమాని. మన పని ఫోన్ చెయ్యడం, వాళ్లు వచ్చేదాకా గుర్రం దగ్గర ఉండడం. లోన్‌లో గుర్రం మన దగ్గరుంది, యజమాని ఇంకో ఊళ్లో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. ఆ అధికారం మనకుందా? ఎంత ఖర్చు దాకా ఉంది? ఒప్పందంలో ఈ ఒక్క పేరా లేకపోతే తక్కిన పేజీలన్నీ ఉన్నా దండగే. బ్రిటిష్ హార్స్ సొసైటీ నమూనా లోన్ ఒప్పందం తయారుచేసి పెట్టింది, దాన్నిబట్టి రాసుకోవచ్చు. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాట పడేవాళ్లు ఆ రాత్రి రెండు గంటలను ఒకసారి తలుచుకోవాలి.

చట్టం ఎవరి తలుపు కొడుతుంది

2003లో, అప్పటికి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు ఒకటి గుర్రాలున్న వాళ్లందరికీ తెలిసిందే. డెవన్‌లో ఒక రాత్రి దేనికో బెదిరి గుర్రాలు కంచె తెంచుకుని పెద్ద రోడ్డెక్కాయి. వాటిలో ఒకటి ఒక కారును గుద్దుకుంది, కారు నడిపే మనిషికి తీవ్రంగా దెబ్బలు తగిలాయి. గుర్రాలెందుకు బెదిరాయో ఎవరికీ తెలియదు. కంచె విషయంలో గుర్రాల యజమానుల నిర్లక్ష్యం లేదని కింది కోర్టే చెప్పింది. అయినా 1971 నాటి జంతువుల చట్టం ప్రకారం నష్టానికి బాధ్యత వాళ్లదేనని లార్డ్స్ తేల్చారు. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురిది ఆ మాట, ఇద్దరు ఒప్పుకోలేదు.

ఆ చట్టంలో ‘కీపర్’ అంటే యజమాని ఒక్కడే కాదు, జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లు కూడా. లోన్‌కు తెచ్చుకున్న వాళ్లు ఇందులోకి నేరుగా వస్తారు. పదహారేళ్ల లోపు పిల్లల దగ్గరున్న జంతువుకు ఆ ఇంటిపెద్ద కూడా కీపరే. గుర్రం జోలికే పోని నాన్న కూడా బాధ్యుడే అన్నమాట. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం కూడా ఇంతే. దాణా, నీడ, వైద్యం చూసే బాధ్యత తాత్కాలికంగా తీసుకున్నవాళ్లకూ ఉంటుంది, పిల్లల తరఫున పెద్దవాళ్లకూ ఉంటుంది. అదే సమయంలో యజమాని బాధ్యత ఎప్పటికీ పోదు. లోన్‌కిచ్చేశాం, ఇక మాకు సంబంధం లేదనడానికి లేదు.

కాబట్టి షేరైనా లోనైనా మూడోమనిషికి జరిగే నష్టానికి ఇన్సూరెన్సు ఉండి తీరాలి. బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంతో అది కలిసి వస్తుంది. యజమాని పాలసీ మనల్నీ కాపాడుతుందని ఊహించుకుని జీనెక్కకూడదు. పాలసీ తెప్పించి చదవాలి.

ఇచ్చేవాళ్ల భయం

ఇంతసేపూ తీసుకునేవాళ్ల వైపు నుంచే మాట్లాడుకున్నాం. ఇచ్చేవాళ్లకూ గుండె దడే. బిడ్డ పుట్టిందనో, ఉద్యోగం మారిందనో, నడుం పట్టేసిందనో గుర్రాన్ని చూసుకోలేకపోతారు. అమ్మడానికి మనసొప్పదు. అలా లోన్‌కిచ్చిన గుర్రాన్ని తీసుకున్నవాళ్లు గుట్టుగా అమ్మేసిన సంఘటనలు బ్రిటన్‌లో జరిగాయి.

ఇందులో ఒక తిరకాసుంది. బ్రిటన్‌లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉండాలి. ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరు 1 నుంచి మైక్రోచిప్ కూడా తప్పనిసరి. డాక్టరు కొన్ని మందులు ఇవ్వాలంటే పాస్‌పోర్టు చూడాలి. ఎందుకంటే ఆ గుర్రం మాంసం మనుషుల ఆహారంలోకి వెళ్లదని అందులో రాసి ఉండాలి. అందుకని పాస్‌పోర్టు గుర్రంతోనే ఉండాలని నిబంధన. లోన్‌కిస్తే పాస్‌పోర్టు కూడా ఇచ్చేయాల్సిందే. అది చూపించి అమ్మేస్తే? పాస్‌పోర్టు యాజమాన్యానికి రుజువు కాదు. కొనేవాళ్లలో ఆ సంగతి తెలియని వాళ్లకు లోటు లేదు. కొన్న రసీదు, చిప్ నంబరు, ఫొటోలు, ఇద్దరి సంతకాలతో ఒప్పందం యజమాని దగ్గర భద్రంగా ఉండాలి. గుర్రాన్ని తన అనుమతి లేకుండా వేరే చోటికి మార్చకూడదని, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చని కూడా రాయాలి. ఇలా రాయమన్నందుకు అనుమానిస్తున్నారని బాధపడొద్దు. ఆ మాత్రం అడగని యజమానినే అనుమానించాలి.

షేర్‌లో ఈ భయం లేదు. గుర్రం కళ్లముందే ఉంటుంది. షేర్‌తో వచ్చే చిక్కు ఇంకో రకం. ఒకే గుర్రానికి ఇద్దరు రౌతులు. ఒకరు పగ్గాలు వదులుగా పట్టి మాటతో నడిపిస్తారు, ఇంకొకరు బిగబట్టి మడమలతో పొడుస్తారు. గుర్రానికి ఏది సరైందో తేలక మొండికేస్తుంది. అప్పుడు యజమానికి షేర్ మనిషి మీద కోపం, షేర్ మనిషికి గుర్రం మీద కోపం. ఇద్దరూ ఒకే టీచరు దగ్గర నేర్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అన్నీ కుదిరిన లోన్ లాంటిది మాత్రం ఇంకోటి లేదు. 1929లో మొదలైన, పిల్లలకు స్వారీ నేర్పే పోనీ క్లబ్ చుట్టూ అల్లుకున్న కుటుంబాల్లో కొన్ని పోనీలను ఎవరూ అమ్మరు. ఒక ఇంటి పిల్ల కాళ్లు పొడుగై రికాబులు కిందికి జారగానే ఆ పోనీ తర్వాతి ఇంటికి లోన్‌కు వెళ్తుంది. అక్కడి పిల్లలూ ఎదిగాక ఇంకో ఇంటికి. అలాంటి పోనీ ఖాళీ అవుతోందని తెలిస్తే ఏడాది ముందే కబురు పెట్టి వరసలో నిలబడతారు. ఆ వరసలో మన పేరు చేరాలంటే యార్డులో నలుగురికీ మనం తెలిసి ఉండాలి. అలా తెలియడానికి దారి షేరే.

వరల్డ్ హార్స్ వెల్ఫేర్ లాంటి సంస్థలు కూడా తాము కాపాడిన గుర్రాలను లోన్ లాగే ఇళ్లకు ఇస్తాయి. యాజమాన్యం సంస్థదే, మనుషులు వచ్చి చూసిపోతుంటారు, మన పరిస్థితి మారితే గుర్రాన్ని తిరిగి తీసుకుంటారు. అనుభవమున్న వాళ్లకు ఇది మంచి దారి. మొదటిసారి గుర్రం ముఖం చూసేవాళ్లకు కాదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ప్రకటనలో ‘నాట్ ఎ నావిస్ రైడ్’ అని ఉంటే దండం పెట్టి వచ్చేయండి, కొత్తవాళ్లకు తగని గుర్రమది. ‘కంపానియన్’ అంటే స్వారీకి పనికిరాదు, ఇంకో గుర్రానికి తోడుగా ఉంటుందంతే. మన కళ్లముందు యజమాని ముందుగా ఎక్కి చూపించాలి. యజమాని ఎక్కనంటే మన పిల్లను ఎక్కించకూడదు. జీను వేసి సిద్ధంగా నిలబెట్టిన గుర్రాన్ని చూస్తే చాలదు. పచ్చికలో వదిలిన గుర్రాన్ని పట్టుకోవడం దగ్గర్నుంచి చూడాలి. కొన్ని గుర్రాలు జీను వేస్తే దేవతలు, పచ్చికలో దొరకవు. గిట్ట ఎత్తనిస్తుందా, ట్రాక్టరు పక్కనుంచి పోతే ఏం చేస్తుంది, నవంబరు 5 బాణసంచా రాత్రి దాన్ని ఎక్కడ ఉంచుతారు అని అడగాలి. వసంతంలో పచ్చిగడ్డి తిని గిట్టలు వాచే లామినైటిస్ ఇదివరకెప్పుడైనా వచ్చిందా అని పోనీల విషయంలో తప్పకుండా అడగాలి. ఒకసారి వచ్చిందంటే మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుంది, మేత కొలిచి పెట్టాలి.

ఇక మొదటి ప్రశ్నకు నా జవాబు. ఇంట్లో ఎవరికీ గుర్రం అలవాటు లేకపోతే, పిల్ల ఎంత ఏడ్చినా, ముందు షేరే. అదీ ఎండాకాలంలో కాదు, అక్టోబరులో మొదలుపెట్టండి. మార్చి దాకా వర్షంలో, చీకట్లో వారానికి రెండు రోజులు పిల్ల తనంతట తనే లేచి బూట్లు తొడుక్కుంటే అప్పుడు లోన్ గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడు కూడా, వేల పౌండ్ల బిల్లొస్తే కట్టగలమా, డిసెంబరులో ఇండియా ప్రయాణం మానుకోగలమా అన్న రెండు ప్రశ్నలకూ ఇద్దరు పెద్దవాళ్లూ అవునని చెప్పాలి. ఒక్కరు తటపటాయించినా షేర్‌లోనే కొనసాగండి. ఏ దారిలో వెళ్లినా సరే, కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టకుండా మీ పిల్లను ఎవరి గుర్రమూ ఎక్కనివ్వకండి.